అద్దెతో ఈఎంఐ తీరిపోతుందా? లెక్క మొత్తం వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలకు 'ఇల్లు కొని అద్దెకివ్వండి, ఈఎంఐ దానంతట అదే తీరిపోతుంది' అని చెప్పే వ్యాసాలు ఆస్తుల పేజీల్లో తరచూ కనిపిస్తున్నాయి. ఎడ్యుకేషన్ లోన్ ఇంకా నెత్తిమీద ఉన్నవాళ్లకి ఈ మాట చెప్పేటప్పుడు లెక్క సగంలో ఆపేస్తున్నారు, నా బాధంతా అదే.

ఇంటి విలువ 100 అనుకుందాం. 20 చేతి నుంచి పెట్టి, మిగతా 80 తొమ్మిది శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే ఏడాదికి కట్టాల్సిన వాయిదాలు దాదాపు 8.6, అందులో మొదటి ఏడాది 7కి పైగా వడ్డీకే పోతుంది. ఏడాదికి ఇంటి విలువలో 3 శాతం అద్దె వస్తే చేతికొచ్చేది 3. మిగతాదంతా జీతంలోంచే పోవాలి. అద్దె ఎక్కువ, వడ్డీ తక్కువ ఉన్నచోట లెక్క మారుతుంది, కాదనను. అందుకే ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవాలి.

మావాడు కూడా ఇలాగే కాగితం మీద ఒకవైపు అద్దె, ఇంకోవైపు ఈఎంఐ రాసి చూపించాడు. పన్నెండు నెలలూ అద్దె వస్తుందనే రాసుకున్నాడు. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాక రంగులు వేయించాలి, మోటారు కాలిపోతే మార్చాలి, ఇంకొకరు దిగేదాకా ఇంటికి తాళమే, ఆ నెలల్లో మెయింటెనెన్సూ ఇంటిపన్నూ వాయిదా ఏవీ ఆగవు. వీటికి ఆ కాగితంలో చోటే లేదు. చదువు అప్పు వాయిదా కూడా రాయలేదు, 'అది ఎలాగూ కడుతున్నదే కదమ్మా' అన్నాడు.

బ్యాంకు మాత్రం దాన్ని వదిలిపెట్టదు. వాయిదాలన్నీ కలిపి జీతంలో ఎంత వంతు అవుతున్నాయో చూశాకే ఇంటికి ఎంత అప్పివ్వాలో తేలుస్తుంది. చదువు అప్పు మీద పక్కన సంతకం పెట్టింది సాధారణంగా అమ్మో నాన్నో, కాబట్టి పిల్లవాడు రెండు వాయిదాలు మోయలేక ఒకటి తప్పితే ఆ మచ్చ మా అప్పుల రికార్డులోనూ పడుతుంది. ఇక డౌన్ పేమెంట్, అంటే చేతి నుంచి పెట్టాల్సిన ఆ 20 కోసం కూడా పర్సనల్ లోన్ తీసుకోమని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నిజంగా భయమేస్తుంది.

చదువు అప్పు వడ్డీ 10 శాతం ఉంటే, ముందుగా కట్టేసిన ప్రతి 100కీ ఏడాదికి 10 మిగిలినట్టే. అది ఖాయం, అద్దె ఖాయం కాదు. చదువు అప్పు వడ్డీ బాగా తక్కువైతే దాన్ని మెల్లగా తీరుస్తూనే ఇల్లు కొనొచ్చు, కానీ డౌన్ పేమెంటు, రిజిస్ట్రేషన్ ఖర్చులు పోయాక కూడా ఇల్లు ఆరు నెలలు ఖాళీగా ఉన్నా రెండు వాయిదాలూ కట్టగలిగేంత డబ్బు పక్కన ఉండాలని నా అభిప్రాయం. కొందరు ఇది మరీ ఎక్కువ జాగ్రత్త అంటారు, అనుకోనివ్వండి.

ఈసారి అలాంటి వ్యాసం వేసేటప్పుడు పక్కన చిన్న పట్టిక కూడా వేయండి. అద్దె పది నెలలే వచ్చినట్టు లెక్కగట్టి, మరమ్మతులు, పన్నులు, చదువు అప్పు వాయిదా అన్నీ తీసేశాక జీతంలో ఎంత మిగులుతుందో చూపించండి.

– ఒక పాఠకురాలు