కాలనీ సంక్షేమ సంఘం: 2025 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. కోరం కోసం అరగంట ఆగడం మనకు అలవాటే కాబట్టి నివేదికను కుదించే రాశాను.

సంఘం ఆశయాలు మీకు కొత్త కావు. పార్కు, బోరు మోటారు, వీధి దీపాల పనులు ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది మన ఓపికలో ముప్పాతిక భాగం మాత్రం ఒక్క పనికే ఖర్చయింది. కమాన్ ఎదుట మెయిన్ రోడ్డు దాటడం.

2024 వానలయ్యాక ఆ రోడ్డు మీద కొత్త తారు వేశారు. పాత జీబ్రా గీతలు దాని కింద పూడిపోయాయి. రోడ్డు నున్నబడేసరికి బండ్ల వేగం పెరిగింది. అవతల బస్టాపు, రేషన్ షాపు, సర్కారు బడి. ఇవతల మనం. ఆ ఏడాది చివర్లోనే మనకు పాలు పోసే అబ్బాయిని కారు గుద్దింది. సైకిల్ ముందు చక్రం అప్పడంలా ముడుచుకుపోయింది, క్యాను డివైడర్ దాకా దొర్లింది. కాలు విరిగినా ప్రాణం దక్కింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లిన మన సభ్యుడు కేసులో ఇరుక్కుంటానేమోనని నాలుగు రోజులు నిద్రపోలేదు. సాయం చేసినవాళ్లను వేధించకుండా 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 134ఎ సెక్షన్ పెట్టారు. ఈ సంగతి అందరూ గుర్తుంచుకోవాలి.

వార్డు ఆఫీసుకు అర్జీలు పెట్టాం. రసీదు నంబర్లు వచ్చాయి. రంగు రాలేదు.

అప్పుడు మహిళా విభాగం వాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. ఏటా సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడుతున్నాం కదా, ఈసారి ఆ ముగ్గేదో రోడ్డు మీదే వేస్తే? పండుగ ముందు ఆదివారం పొద్దున 5 గంటలకు, ట్రాఫిక్ పోలీసుల అనుమతితో, రెండు వైపులా కోన్లు పెట్టి మొదలుపెట్టాం. రిటైర్డ్ లెక్చరర్ మేడమ్ సుతిలి తాడు పట్టి కొలతలు చెప్పారు. రోడ్డు గీతలకు కేంద్ర ప్రమాణం ఉంది: పట్టీ అరమీటరు తెలుపు, మధ్యలో అరమీటరు ఖాళీ. "చుక్కలు లేని ముగ్గు నా జన్మలో వెయ్యలేదు" అంటూనే బి బ్లాక్ మామ్మగారు మూడు పట్టీలు పూర్తి చేశారు. చివర్లో ఎవరో పిల్లలు అంచున గొబ్బెమ్మ పెట్టారు, తీయబుద్ధి కాలేదు.

ఆరున్నరకు మొదటి సిటీ బస్సు వచ్చింది. దూరం నుంచే వేగం తగ్గించి, ముగ్గు ముందు ఆగింది. డ్రైవర్ గారు చెయ్యి ఊపి మమ్మల్ని దాటమన్నారు. నలభై మందిమి దాటాం, అవసరం లేకపోయినా మళ్లీ వెనక్కి దాటాం! తొమ్మిదింటికల్లా టైర్లకు అంటుకుని ముగ్గంతా పోయింది. ఫొటోలు మాత్రం మిగిలాయి. వాటిని పట్టుకుని తిరిగితే మార్చిలో ఒక అర్ధరాత్రి రంగు లారీ వచ్చి, పొగలు కక్కే థర్మోప్లాస్టిక్ రంగుతో అసలు జీబ్రా వేసి వెళ్లింది.

పొద్దున చూస్తే గీతలు నేరుగా వెళ్లి డివైడర్ గోడకు కొట్టుకుని ఆగిపోయాయి. గోడకు సందు లేదు. సగం రోడ్డు దాటి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గోడెక్కాలన్నమాట. గీత వేసేది ఒక శాఖ, గోడ కొట్టేది ఇంకో శాఖ అని సమాధానం. రోడ్డు డిజైన్ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోతే, వికలాంగులైతే బాధ్యులైన అధికారులకు, కాంట్రాక్టర్లకు లక్ష రూపాయల వరకు జరిమానా వేసే, అదే మోటారు వాహనాల చట్టంలోని 198ఎ సెక్షన్‌ను, ఫుట్‌పాత్ మీద నడవడం 21వ అధికరణ కింద హక్కేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పిన మాటను అర్జీలో రాశాం. జులైలో గోడకు సందు పడింది. మన అర్జీ వల్లా, వాళ్ల బడ్జెట్ వల్లా అన్నది అడగలేదు.

ఆ సందులో మధ్యలో ఆగి నిలబడే చోటు ఎందుకు కావాలంటే, సిగ్నళ్ల లెక్కల్లో మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని అనుకుంటారు. మన వైపు రోడ్డు 9 మీటర్లు, అంటే ఏడున్నర సెకన్లు. చేతికర్రతో మామ్మగారికి 16 సెకన్లు పట్టింది. ఫోన్‌లో టైమ్ చూసింది నేనే.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. మనవాళ్లే కొందరు ఉత్సాహం పట్టలేక, మిగిలిన కాంక్రీటుతో రాత్రికి రాత్రి స్పీడ్ బ్రేకర్ పోశారు. నిబంధన ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున వాలుగా ఉండాలి. మనది నిలువు దిమ్మె. రెండో రోజే ఒక స్కూటీ పడింది. తవ్వించడానికి అయిన ఖర్చు సంఘమే భరించింది. పోసినవాళ్లు ఈ సభలో ఉంటే, ఉన్నారని నాకు తెలుసు, దయచేసి ఇక చాలు.

సైకిళ్ల విషయం. పేపర్ అబ్బాయిలు, వాచ్‌మన్లు, బడి పిల్లలు కలిపి 64 సైకిళ్లకు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించాం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ వేశారు, మంచిదే. అది ఆదివారం తొక్కేవాళ్లకు బాగుంటుంది. పాలు పోసే సైకిల్ మాత్రం లారీల పక్కనే నడుస్తోంది.

బడివేళ జెండాలు పట్టుకుని పిల్లల్ని దాటించే పనికి వాట్సాప్‌లో పిలిస్తే 43 బొటనవేళ్లు వచ్చాయి. రోడ్డు మీదికి వచ్చింది ఐదుగురు. ఆ ఐదుగురిలో ఇద్దరికి డెబ్బై దాటాయి. యువజన విభాగం వాళ్లకు గణేష్ చందా టైమ్‌లో ఉండే ఓపిక పొద్దున ఎనిమిదింటికి ఎక్కడికి పోతోందో తెలియదు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కాపీ కోశాధికారి గారి దగ్గర ఉంది. కొద్దిగా మిగులు చూపించాం. మెయింటెనెన్స్ బకాయిలున్నవారి పేర్లు ఈసారికి చదవడం లేదు.

టీ, ఇడ్లీ పెట్టిన మహిళా విభాగానికి, ముగ్గుపిండి రెండు బస్తాలు ఉచితంగా ఇచ్చిన కిరాణా కొట్టు అన్నకు, కోన్లు ఇచ్చిన కానిస్టేబుల్ గారికి, మైక్ సెట్ కుర్రాళ్లకు, పెద్దలు అధ్యక్షుల వారికి ధన్యవాదాలు. ఎవరినైనా మరిచిపోతే మన్నించాలి.

బస్టాపు వైపు ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె అలాగే ఉంది, అర్జీ నడుస్తోంది. జెండా డ్యూటీ పట్టికలో మంగళ, శుక్రవారాలు ఇంకా ఖాళీ. పట్టిక తలుపు దగ్గర బల్ల మీద ఉంది, పెన్ను కూడా కట్టి ఉంచాం.

ఇట్లు,
కార్యదర్శి