గురకను గాఢనిద్ర అనుకుంటున్నాం

గురకను హాయైన నిద్రగా భావించి, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియాను మన ఇళ్లలో ఏళ్ల తరబడి పట్టించుకోవడం లేదు. లారీ నడిపే మా బావగారి గురకకు పిల్లలు నవ్వుకునేవారు. అక్క మాత్రం గమనించింది: గురక ఉన్నట్టుండి ఆగుతుంది, ఛాతీ ఎగసిపడుతుంది గానీ గాలి ఆడదు, పదిహేను అంకెలు లెక్కపెట్టేసరికి ఉక్కిరిబిక్కిరై మళ్లీ గురక. పొద్దున లేస్తే తలనొప్పి, ఎండిపోయిన నోరు, కూర్చున్నచోటే కునుకు. బీపీ మాత్రలు మారాయి గానీ నిద్ర ఎలా పడుతోందని ఎవరూ అడగలేదు. చివరికి ఒక రాత్రంతా నిద్ర పరీక్ష చేస్తే, గంటకు 30 సార్లకు పైగా శ్వాసకు అడ్డు పడుతోందని తేలింది. అంటే తీవ్ర స్థాయి. ఆ స్థితిలోనే ఆయన రాత్రిళ్లు హైవే మీద బండి నడిపారు! ఇప్పుడు మాస్కుతో గాలి పంపే సీప్యాప్ యంత్రం పెట్టుకుని పడుకుంటున్నారు. పగటి కునుకు పోయింది. భారీ వాహనాల డ్రైవర్లకు వైద్య ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు కంటిచూపుతో పాటు నిద్రనూ విచారించాలి. పగటిపూట కునుకు ఎంతగా పడుతుందో అంచనా వేసే ఎప్‌వర్త్ ప్రశ్నావళిలో ఉన్నవి 8 ప్రశ్నలే. మొత్తం 24 మార్కులకు 10 దాటినవారిని నిద్ర పరీక్షకు పంపాలి. అయితే తన గురక తనకు వినపడదు, వినపడినా ఉద్యోగం పోతుందని డ్రైవరు చెప్పడు. అందుకే ఇంట్లోవాళ్లనూ అడగాలి, చికిత్స తీసుకుంటున్నవారి ఉద్యోగానికి రవాణా శాఖ భరోసా ఇవ్వాలి. జిల్లా ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉచితంగా జరపాలి.

– ఒక పాఠకురాలు, సూర్యాపేట