మామత్ దంతమైనా మన దేశంలో నేరమే

సంపాదకుడు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో చేతితో చేసే మంగలికత్తుల మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. తగ్గలేదు.

నలభై ఏళ్ళుగా కత్తులకు గేదెకొమ్ముతో పిడులు చేస్తున్నవాణ్ణి. ఉక్కు గురించి, సాన గురించి వ్యాసంలో బాగానే రాశారు. చివర పెట్టె కట్టి ‘చట్టబద్ధమైన దంతం ఎక్కడ దొరుకుతుంది’ అని వేశారు చూడండి, నా బాధంతా దాని గురించే. ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు లాంటి జంతువు మామత్; సైబీరియా మంచులో బయటపడే దాని దంతం ఏనుగుది కాదు కనుక తెప్పించుకోవచ్చట. పాత పియానో మెట్ల మీది దంతపు రేకులు ఊడదీసి పిడులు చేసి అమ్ముకోవచ్చట. అచ్చు వేసే ముందు ఒక్క వకీలుకైనా చూపించారా?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ మన ఏనుగు దంతం వ్యాపారాన్ని ఆపింది. 1991లో దిగుమతి దంతానికీ తలుపు మూశారు. మామత్ వేల ఏళ్ళ కిందట అంతరించిన జంతువు, దానికి ఈ చట్టంతో ఏం పని అని వ్యాపారులు కోర్టుకు వెళ్ళారు. 2003లో బలరాం కుమావత్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. దంతం అంటే మామత్ దంతం కూడా, వ్యాపారం కుదరదు అని. శిక్ష మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, పైన జరిమానా. ఈ సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

అలా ఎందుకు మూయాల్సి వచ్చిందో పిడి పని చేసేవాడికి బాగా తెలుస్తుంది. దంతాన్ని అడ్డంగా కోస్తే సన్నని గీతలు ఒకదాన్నొకటి ఖండించుకుంటూ కనబడతాయి. బయటి అంచు దగ్గర ఆ గీతల కోణం మామత్‌లో తొంభై డిగ్రీల లోపు, ఏనుగులో 115 దాటి ఉంటుంది. పోల్చుకునే గుర్తు అది. కానీ మంగలికత్తి పిడికి దంతాన్ని నిలువుగా, రెండు మూడు మిల్లీమీటర్ల రేకులుగా చీరుస్తారు. ఆ కోతలో కోణం చూడటానికి దొరకదు. మెరుగుపెట్టాక నా చేతికిచ్చినా ఏది ఏదో నేను చెప్పలేను. నిన్న చంపిన ఏనుగుదాన్ని మామత్‌దని అంటగడితే పట్టుకునేవాడెవడు? దంతం ఏనుగు పన్ను. మూడోవంతు పుర్రె లోపలే ఉంటుంది. మొత్తంగా కావాలంటే ఏనుగు చావాల్సిందే.

విదేశాల్లో బాహాటంగా అమ్ముతున్నారని మీ రచయిత ఉదాహరణలిచ్చారు. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో మామత్ దంతం అమ్మకం కూడా నిషేధమే. మన క్షౌరశాలల్లో పేరు మోసిన షెఫీల్డు కత్తుల దేశం బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి ఏనుగు దంతానికి కొత్త చట్టం నడుస్తోంది. అక్కడ దంతం అతికిన మామూలు పాత వస్తువును అమ్మాలంటే అది 1947కి ముందుదై ఉండాలి, అందులో దంతం పదోవంతుకు మించకూడదు, రిజిస్టరు కూడా చేయించాలి. పిడి అంతా దంతమైన కత్తి ఆ లెక్కలోకి ఎలా వస్తుంది?

తప్పు మీదొక్కరిదే అనను. చట్టం చెప్పాల్సినవాళ్ళు చెప్పరు. మా నాన్నగారు బెజవాడలో క్షౌరశాల నడిపారు. ఆయన పోయాక తెల్ల పిడి ఉన్న షెఫీల్డు కత్తి నాకు వచ్చింది. దంతపు వస్తువు వారసత్వంగా వస్తే తొంభై రోజుల్లో అటవీశాఖకు తెలియజేయాలని చట్టంలో ఉంది. గుడ్డలో చుట్టుకుని ఆఫీసుకు పోయాను. కింద గుమాస్తా పైకి పొమ్మన్నాడు. పైవాళ్ళు ఇది మా పరిధి కాదన్నారు. మూడో ఆయన తొంభై రోజుల మాటే విననట్టు చూశాడు. ఎనిమిదిసార్లు తిరిగాను. చివరికి ఒకాయన, “ఎందుకొచ్చిన గొడవ, కృష్ణలో పారేయండి” అన్నాడు. నలభై ఏళ్ళు మా కడుపు నింపిన కత్తి అది! చివరికి గడియారాల షాపు పెద్దాయన కంటికి అద్దం పెట్టుకుని పిడిని దీపం కింద తిప్పి చూశాడు. పొడుగునా సూదిమొన లాంటి నల్ల చుక్కలు. అవి రక్తనాళాల దారులు, దంతంలో ఉండవు. ఎముక అన్నమాట. ఆఫీసులో ఒక్కరూ భూతద్దం తీసి చూడలేదు. చిత్తూరు జిల్లా కౌండిన్య అడవిలో ఏనుగులు కరెంటు తీగలకు చచ్చిపోతుంటే కూడా, తీగ ఎవరిది, బాధ్యత ఎవరిదన్న దగ్గరే కాలం గడిచిపోతుంది.

ఇంకో మాట. దంతపు పని తెలుగువాళ్ళ వారసత్వమని విశాఖ పెట్టెలను చూపించారు. నిజమే, ఆ పెట్టెలు లండన్ మ్యూజియంలో ఉన్నాయి. దంతపు రేకు మీద పువ్వులు, తీగలు సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపిన చేతులవి. గొప్పతనం ఆ చెక్కిన చేతిది. ఆ చేతిపని ఎముక మీద సాగుతుంది, కొమ్ము మీదా సాగుతుంది. కొమ్మును వేడిచేసి చదును చేయడం, ఆరాక వంకర తిరగకుండా బిగించి పెట్టడం ఎంత పనో ఒక్క పేరా రాసి ఉంటే కుర్రాళ్ళకు పనికొచ్చేది.

నా దగ్గర పని నేర్చుకుంటున్న అబ్బాయి మీ వ్యాసం చూసి రెండు జతల మామత్ రేకులకు అడ్వాన్సు కట్టేశాడు. వద్దురా, జైలుకు పోతావు అంటే, “పేపర్లో వేశారు కదా బాబాయ్” అంటాడు. నా మాట కంటే మీ అచ్చు మీద వాడికి నమ్మకం ఎక్కువ. అందుకే అడుగుతున్నాను. ఆదివారం అనుబంధంలో, అదే చోట, అంతే పెట్టెలో సవరణ వేయండి. పార్సెలు ఇంకా బయలుదేరలేదు.

— కొమ్ము పిడుల పనివాడు, విజయవాడ