వార్షిక నివేదిక: కమ్యూనిటీ హాలు, ఆదివారం మీటింగు, బస్సు ఛార్జీల పద్దు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది బోరు మోటారు మార్చాం, వెనక వీధి మోరీలు తీయించాం, బతుకమ్మకు ఎప్పటిలాగే లైట్లు పెట్టాం. ఆ ఖర్చులన్నీ కోశాధికారి పట్టికలో ఉన్నాయి. తాగుడు మానాలనుకునే వాళ్ల కోసం మొదలుపెట్టిన పని గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను. పోయిన సర్వసభ్య సమావేశంలో గొడవ జరిగింది దాని మీదే మరి.

మొదట అనుకున్నది చిన్న పనే. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులు హైదరాబాద్‌లో జరుగుతాయి, వాటికి పోయేవాళ్లకు నల్లగొండ నుంచి బస్సు ఛార్జీ ఇవ్వాలి, అంతే. ఏఏ 1935లో అమెరికాలో మొదలైంది. మొదలుపెట్టిన ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే, వాళ్లలో ఒకాయన డాక్టరు. ఏఏకి ఫీజు లేదు, ఫారం లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు, ఇంటిపేరు కూడా చెప్పనక్కర్లేదు. వేలకు వేలు కట్టించుకునే డీఅడిక్షన్ సెంటర్లతో దీనికి సంబంధం లేదు.

మీటింగు దొరకబుచ్చుకోవడం అనుకున్నంత తేలిక కాదు. ఏఏ బృందాలు చాలావరకు చర్చి గదుల్లోనో, బడి గదుల్లోనో కూర్చుంటాయి, బయట పెద్ద బోర్డు ఉండదు. వేళలు మారుతుంటాయి. అందుకే పోయేముందు ఏఏ వాళ్లకు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోమని చెబుతున్నాం: తెలుగులో మాట్లాడతారా, ఏ అంతస్తు, ఓపెనా క్లోజ్డా. ఓపెన్ మీటింగుకు భార్యో అన్నో వెంట పోవచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఈ తేడా తెలియక ఒకామె భర్తను లోపలికి పంపి మెట్ల మీదే కూర్చుంది పాపం. ఫోన్ బాగా వాడగలిగినవాళ్లకు జూమ్ మీటింగులు ఉన్నాయి. ఎవరిని అడగాలో తోచకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి చేయొచ్చు.

అట్లా హైదరాబాద్ పోయివస్తున్న ఇద్దరు ఇక్కడే మీటింగు పెట్టుకుంటామని హాలు అడిగారు. ఇద్దరుంటే చాలట, బృందం అవుతుంది. హాలు ఉచితంగా వాడుకోండి, టీ ఖర్చు కూడా సంఘం పెట్టుకుంటుంది అన్నాం. వాళ్లు ఒప్పుకోలేదు. బయటివాళ్ల డబ్బు తీసుకోకూడదని ఏఏ సంప్రదాయం. తమలో తాము వేసుకున్న చందాతో నెలనెలా అద్దె కడుతున్నారు. పట్టికలో ‘హాలు అద్దె’ అని కనిపించే జమ అదే. ఆ బృందం మన సంఘానికి చెందినది కాదు, దాన్ని మన కార్యక్రమంగా ఎక్కడా చెప్పుకోవద్దని మనవి.

హాలు తాగుబోతుల అడ్డా అవుతుందని భయపడినవాళ్లకు ఒక మాట. మన కాలనీలో తాగేవాళ్లు ఇంతకుముందూ ఉన్నారు, బెల్టు షాపు దగ్గర మనమందరం చూస్తూనే ఉన్నాం. హాలుకు వచ్చేది మానాలనుకునేవాళ్లే.

ఎంతమంది వస్తున్నారు, ఎంతమంది మానారు అని చాలామంది అడిగారు. ఆ లెక్క ఈ నివేదికలో లేదు, వచ్చే ఏడాదీ ఉండదు. మనం రిజిస్టరు పెట్టిన మరుక్షణం గుమ్మం దాకా వచ్చినవాడు వెనక్కి తిరుగుతాడు. హాలు గేటు వైపున్న సీసీ కెమెరాను రోడ్డు వైపు తిప్పించింది కూడా అందుకే. ఆదివారం సాయంత్రం మీటింగు వేళకు హాలు అరుగు మీద ముచ్చట్లు పెట్టే పెద్దలు కాసేపు వేపచెట్టు కిందికి మారితే మేలు.

‘మాల వేసుకుంటే వాడే మానతాడు కదా, మీటింగు ఎందుకు’ అని ఒక పెద్దాయన అడిగారు. నిజమే, అయ్యప్ప మాలలో 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు మనలో ఎందరో. కానీ అప్పుడు పక్కన గురుస్వామి ఉంటాడు, తోటి స్వాములుంటారు, పొద్దుగూకితే పూజ, భజన ఉంటాయి. మాల తీశాక అదే వేళకు ఎక్కడికి పోవాలో తోచదు. మీటింగు ఆ వేళను పట్టుకుంటుంది. ఏఏలో కూడా ‘జన్మలో తాగను’ అని ఒట్టు వేయించరు, ఈ ఒక్క రోజుకు తాగకుండా ఉండమంటారు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడటం, మతి తప్పడం మొదలైతే ప్రాణం మీదికి వస్తుంది. అట్లాంటివాళ్లు ముందు ప్రభుత్వాసుపత్రికి పోవాలి, మీటింగు ఆ తర్వాత. కల్తీ కల్లు అలవాటైనవాళ్ల సంగతి మరీ కష్టం. అందులో క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరుకు ఆగిపోయినప్పుడు పాలమూరు, నిజామాబాద్ ఆసుపత్రుల్లో జనం ఎట్లా నిండిపోయారో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. అలాగే తాగుడు మాన్పిస్తాయని ఎవరో ఇచ్చిన మాత్రలు ఇంటాయనకు తెలియకుండా కూరలో కలపకండి. వాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, దాని మీద ఆయన తాగితే, బీపీ పడిపోయి చనిపోవచ్చు.

ఆడవాళ్లు అడిగింది వేరు, తమలాంటివాళ్లకు మీటింగు లేదా అని. ఇంట్లో తాగేవాళ్లున్న కుటుంబాలకు అల్-అనాన్ అని 1951 నుంచి విడిగా ఒక సంస్థ ఉంది, భర్త మానినా మానకపోయినా ఆ మీటింగుకు పోవచ్చు. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సు ఉచితం కాబట్టి వాళ్ల కోసం పెట్టిన ఛార్జీల పద్దు దాదాపు మిగిలింది. ఆ డబ్బును, మీటింగుకు పోయిన రోజున కూలి పోగొట్టుకునే మగవాళ్ల ఛార్జీలకు, భోజనానికి మార్చాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది.

రెండో ప్రతిపాదన దసరా గురించి. ఇంటింటా దావత్ జరిగే ఆ రాత్రి హాలు తమకు కావాలని బృందం అడిగింది. అద్దె ముందే కట్టేశారు. అదే రోజుకు హాలు అడిగిన సభ్యులు ఇద్దరున్నారు, వాళ్లకు పాఠశాల ఆవరణ ఇప్పించే పని కార్యవర్గం చూస్తుంది. రెండింటి మీదా సభ్యులు ఓటు వేయాలి.

ఇట్లు,
కార్యదర్శి