సర్కారు తుమ్మను నరికితే సరిపోదు సార్

వరంగల్ జిల్లా అటవీ అధికారి గారికి నమస్కారం.

మా చెరువు పక్క బంజరులో పోయినేడు సర్కారు తుమ్మ నరికించారు. సంతోషపడ్డాం. వానలు పడగానే మొదళ్ల నుంచి మళ్లీ గుబురుగా చిగుళ్లొచ్చాయి. మేకలు కాయలు తిని, ఆ గింజల్ని పెంటికల్లో పొలాల దాకా మోస్తున్నాయి. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ చెట్టు ఖాళీ నేల కనబడితే వదలదు.

దయచేసి వేర్లతో పెకిలించి, తొలకరికే అక్కడ మన చెట్లు పెట్టించండి. మోదుగ, రేల, కానుగ, వేప. నీడ పడితే తుమ్మ మొలకలు సరిగా ఎదగవు. అంచుల్లో తంగేడు వేయండి, దాన్ని పశువులు పెద్దగా ముట్టవు. బతుకమ్మకు తంగేడు పువ్వు కోసం మా ఆడబిడ్డలు ఎంతెంత దూరమో పోతుంటే మనసు చివుక్కుమంటుంది.

మొదటి 2 ఏళ్లు తుమ్మ మొలకలు పీకే పనిని ఉపాధి హామీలో పెట్టిస్తే మేమే చేస్తాం.

ఇట్లు,
ఒక రైతు