చేతికి సరిపోని హ్యాండిల్‌తో బండి కొనవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. మోటారుసైకిల్ కొనేటప్పుడు ధర, మైలేజీ అడుగుతాం గానీ, రోజూ చేతులు ఆనించుకోవలసిన హ్యాండిల్ మన ఒంటికి సరిపోతుందో లేదో చూడం. తెనాలి నుంచి పక్క మండలంలోని పాఠశాలకు రోజూ రానూపోనూ యాభై కిలోమీటర్లు బండి మీద వెళ్లే ఉపాధ్యాయుడిగా, ఆ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కొన్న బండికి రెండు ముక్కల హ్యాండిల్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులకే బిగించి, కిందికి ఉండేది. దాన్ని అందుకోవడానికి ముందుకు వంగితే ఒంటి బరువులో కొంత అరచేతుల మీద పడుతుంది, గుంత వచ్చినప్పుడల్లా ఆ దెబ్బ నేరుగా మణికట్టుకు తగులుతుంది. నాలుగు నెలలకే నాకు చిటికెన వేలు, ఉంగరపు వేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. ఆ వేళ్లకు వెళ్లే నరం మోచేతి వెనుక నుంచి వచ్చి అరచేతి అంచున సాగుతుందని, అక్కడ అది నొక్కుకుంటోందని వైద్యులు చెప్పారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారితే అది మణికట్టు నడుమ సాగే వేరొక నరానికి సంబంధించినదట.

హ్యాండిల్ ఎంత ఎత్తుగా ఉంటే అంత సుఖమనుకోవడం కూడా పొరపాటే. మా సహోద్యోగి ఒకరు బాగా ఎత్తైన హ్యాండిల్ వేయించుకుంటే, మోచేతులు ఎప్పుడూ ముడుచుకునే ఉండి, అదే నరం మోచేతి దగ్గర సాగి, ఆయనకు నొప్పి అక్కడ మొదలైంది. భుజాలు బిగుసుకోకుండా, మోచేతులు కొద్దిగా వంగి, ముంజేయీ అరచేయీ ఒకే గీతలో నిలిచే ఎత్తే సరైన ఎత్తు. అది ఒక్కొక్కరి చేతి పొడవును బట్టి మారుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650 బండ్లకు ఇంజిన్ ఒకటే అయినా, మొదటిదానికి ఎత్తైన వెడల్పాటి హ్యాండిల్, రెండోదానికి ఫోర్కులకు బిగించిన పొట్టి హ్యాండిల్ ఉంటాయి. ఆ రెండింటి మీద వరుసగా పది నిమిషాలు కూర్చున్నవారికి నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది.

అన్నిటికీ హ్యాండిల్ మార్చనక్కరలేదు. క్లచ్, బ్రేక్ లివర్లు మరీ పైకి తిరిగి ఉంటే వాటిని అందుకోవడానికి మణికట్టు వెనక్కి వంగుతుంది. బిగింపు బోల్టు వదులు చేసి, వేళ్లు ముంజేతికి సూటిగా లివర్ మీద వాలేలా తిప్పి బిగిస్తే చాలు. మా ఊరి మెకానిక్ ఒకరు అయిదు నిమిషాల్లో చేసిన ఆ పని నా మణికట్టు నొప్పిని సగానికి తగ్గించింది. ఒకే గొట్టంగా ఉండే హ్యాండిలైతే దాన్ని కూడా కొద్దిగా ముందుకో వెనక్కో తిప్పుకోవచ్చు. నా బండికి ఆ వీలు లేకపోవడంతో చివరకు దాన్ని అమ్మి మరొకటి కొనవలసి వచ్చింది.

ఎత్తు పెంచేవారు తీగల పొడవు మరచిపోకూడదు. పాత యాక్సిలరేటర్ తీగ చాలకపోతే, హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడు తీగ లాగి ఇంజిన్ దానంతటదే వేగం అందుకుంటుంది. మలుపులో అది ప్రాణాంతకం.

షోరూముల వారు కొనేవారిని బండి మీద కూర్చోబెట్టి, లివర్లు వారి చేతికి సరిచేసి ఇవ్వడం అప్పగింతలో భాగం కావాలి. వాహనాల మార్పుపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను 2019లో సుప్రీంకోర్టు కఠినంగా అన్వయించిన దరిమిలా, హ్యాండిల్ మార్చుకోవడానికి ఎంతవరకు అనుమతి ఉందో రెండు రాష్ట్రాల రవాణా శాఖలు తెలుగులో స్పష్టంగా ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయుడు,
తెనాలి