రిలే టిక్కుమంటే సరిపోదురా

తిరుపతి,
ఆదివారం

ఒరేయ్ మధూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశా. జీపు బాగుంది, రంగు మాత్రం ఇంకాస్త ముదురుగా ఉంటే నప్పేది. బంపరు మీద నాలుగు లైట్లు ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ, నీ జీపు నీ ఇష్టం. "రిలేలు ఏ కంపెనీవి కొనమంటావు?" అని అడిగావు. రిలే అంటే స్విచ్ ఇచ్చే చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటుని కలిపే డబ్బీయే కదా, ఆ కంపెనీ ప్రశ్న కాసేపు పక్కన పెట్టు. ముందు మా మామ జీపు సంగతి చెప్తా.

మా చంద్రగిరి మామ గుర్తున్నాడు కదా, అక్క పెళ్లిలో నీతో పందెం వేసుకుని ఓళిగలు తిన్నాయన. తన పాత జీపుకి ఈమధ్య వైరింగ్ మొత్తం కొత్తగా లాగించాడు. మామిడికాయల సీజన్‌లో పీలేరు వైపు తోటలకు పోయి, రాత్రిపూట భాకరాపేట ఘాట్ దిగి ఇంటికి రావాలి. ఆ మలుపుల్లో లైట్లు సరిగా లేకపోతే ఎట్లుంటుందో నీకు చెప్పక్కర్లేదు. వైరింగ్ చేసినాయన రిలేలు పెట్టాడు, ఫ్యూజు బాక్సు పెట్టాడు, నల్ల టేపు నీటుగా చుట్టాడు. చూడ్డానికి షోరూమ్ బండిలా ఉంది. రోడ్డెక్కితే మాత్రం లైట్లకు పిచ్చి పట్టినట్టే.

ముందు నవ్వొచ్చే ముక్క విను. ఫాగ్ లైట్ల స్విచ్ ఆపితే కుడి లైటు వెలుగుతుంది. స్విచ్ వేస్తే కుడిది ఆరిపోయి ఎడమది వెలుగుతుంది! పొద్దునకి బ్యాటరీ డౌన్. మామ దిష్టి అనుకుని బంపరుకి నిమ్మకాయలు కట్టాడు. అసలు సంగతి ఏంటంటే, ఐదు పిన్నుల రిలేలు చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి గానీ రెండు రకాలు. పిన్నులకి నంబర్లుంటాయి: 30లోకి కరెంటు వస్తుంది, 87 నుంచి లైటుకి పోతుంది. ఒకదాంట్లో నడిమి పిన్ను కూడా 87, అంటే స్విచ్ వేసి రిలే పడితే రెండు పిన్నుల్లోకీ కరెంటు వస్తుంది. రెండోదాంట్లో నడిమిది 87ఎ. అది రిలే పడనప్పుడు 30తో కలిసి ఉంటుంది, పడితే విడిపోతుంది. వైరింగ్‌లో కుడి లైటుని నడిమి పిన్నుకి కలిపారు, తగిలించింది మాత్రం 87ఎ ఉన్న రిలే. 30కి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వస్తోంది కాబట్టి ఆ లైటు తెల్లార్లూ వెలిగింది. రిలే మీద అచ్చేసిన బొమ్మ ఒక్కసారి చూసుంటే ఈ గొడవే లేదు. అది మార్చాం, అయిపోయింది.

హెడ్‌లైట్ల దగ్గరే అసలు తలనొప్పి. వెలుగుతాయి, కానీ పసుపుపచ్చగా, నీరసంగా. పోతూపోతూ ఒక్కోసారి ఆరిపోతాయి. డ్యాష్‌బోర్డు మీద గుద్దితే వెలుగుతాయి. మామ రేణిగుంట రోడ్డులో ఒక షాపుకి తీసుకెళ్తే, వాళ్లు చెవి పెట్టి విని, "టిక్కుమంటోంది సార్, రిలే బాగానే ఉంది, బల్బులు మార్చాలి" అన్నారట. బల్బులు మార్చారు. తేడా లేదు. ఇంకొకాయన రిలేనే మార్చాడు. ఒక వారం బాగుంది, మళ్లీ మొదలు.

ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. టిక్కుమనేది రిలే లోపలి కాయిలు, అంటే తీగచుట్ట, అయస్కాంతంలా పాయింట్లని లాగినందుకు. 85, 86 మధ్య ఉండే ఆ కాయిలు సుమారు 90 ఓమ్‌లు ఉంటుంది, 12 వోల్టుల దగ్గర ఆంపియరులో ఏడో ఎనిమిదో వంతు తాగుతుంది. దానికి దారమంత సన్నటి వైరున్నా చాలు. అసలు బరువు మోసేది 30 నుంచి 87 దాకా ఉన్న దారి. హైబీమ్‌లో 60 వాట్ల బల్బులు రెండంటే దాదాపు 10 ఆంపియర్లు. టిక్కు వినపడినంత మాత్రాన ఆ దారి బాగుందని అర్థం కాదు.

ఓమ్‌ల మీటరు పెట్టి చూసినా లాభం లేదురా. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు సున్నా చూపించి నమ్మిస్తుంది. లైట్లు వెలుగుతుండగా వోల్టులు చూడాలి. నేను అదే చేశా. ఇంజన్ ఆపి, హైబీమ్ వేస్తే బ్యాటరీ దగ్గర 12.3, బల్బు దగ్గర 10.1. మిగతాది దారిలో ఎవరో తింటున్నారు. బ్యాటరీ నుంచి ముక్కముక్కగా చూసుకుంటూ వచ్చా. రిలే లోపలి పాయింట్ల మీద పోతున్నది పాయింట్ ఒకటి వోల్టే. 30 పిన్నుకీ, అది కూర్చునే హోల్డరు లోపలి టెర్మినల్‌కీ మధ్య మాత్రం 1.8 వోల్టులు! 9 ఆంపియర్ల దగ్గర అంటే 16 వాట్ల వేడి. మన కాలేజీ ల్యాబులో వాడిన చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, గుర్తుందా? ఇంచుమించు అలాంటిదే ఒకటి డ్యాష్‌బోర్డు కింద వెలిగించి పెట్టినట్టు. హోల్డరు బయటికి లాగితే ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి ఉంది, టెర్మినల్ నోరు తెరుచుకుని వదులైపోయింది. వైరుని కటింగ్ ప్లయరుతో నొక్కి వదిలేశారు. రిలే మార్చిన వారం ఎందుకు బాగుందంటే, కొత్త పిన్ను కాస్త గట్టిగా పట్టింది, అంతే. మళ్లీ వేడెక్కి మళ్లీ వదులైంది.

ఈ ఫిలమెంటు బల్బులకి వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు ముప్పై శాతం దాకా పడిపోతుంది. మామకి అందేది సగం వెలుతురే అన్నమాట. ఆయన కళ్లద్దాలు మార్పించుకున్నాడు పాపం.

ఇంకొకటి మిగిలింది. మలుపులో హారన్ కొడితే హారన్ గొంతు బొంగురుపోయి, లైట్లు మిణుకుమని, రిలే టకటకా కొట్టుకునేది. రెండూ ఒకేసారి చెడితే అనుమానించాల్సింది ఎర్త్‌నే, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగిపోయే దారిని. హారన్‌కీ రిలే కాయిలుకీ కలిపి మడ్‌గార్డు లోపల ఒకే బోల్టుకి ఎర్త్ ఇచ్చారు, అదీ పెయింట్ మీదే. హారన్ లాగే కరెంటు ఆ పెయింట్ దాటలేక ఎర్త్ పాయింటు వోల్టేజి పైకి లేస్తుంది, కాయిలుకి అందేది తగ్గి రిలే వదిలేస్తుంది. హారన్ లోపలి పాయింట్లు ఎలాగూ కొట్టుకుంటూ ఉంటాయి, రిలే కూడా దాంతోపాటు ఆడింది. పెయింట్ గీకి, స్టార్ వాషరు వేసి, కాయిలు ఎర్త్‌ని వేరే బోల్టుకి మార్చా. హారన్ ఇప్పుడు వీధి చివరికి వినిపిస్తోంది.

కాబట్టి నీ డబ్బులు రిలే కంపెనీ పేరు మీద తగలెయ్యకు. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, మంచి టెర్మినళ్లు, వాటిని వైరుకి గట్టిగా నొక్కి బిగించే సరైన క్రింపింగ్ టూలు కొను. ఆ టూలు ఖరీదు చూసి గుటకలు మింగుతావు, అయినా కొను. ఒక్కో లైట్ల జతకి 15 ఆంపియర్ల ఫ్యూజు, అదీ బ్యాటరీకి దగ్గరగా. లోపల డయోడు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) ఉన్న రిలే దొరికితే 86కే ప్లస్ ఇవ్వు, తిప్పి ఇస్తే ఫ్యూజు కొట్టేస్తుంది.

అన్నీ బిగించాక లైట్లు వేసి, బ్యాటరీ దగ్గర ఎంత, బల్బు దగ్గర ఎంత, బల్బు ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్ దాకా ఎంత అని చూసి నాకు రాయి. బల్బుకీ బ్యాటరీకీ మధ్య అర వోల్టు కంటే ఎక్కువ పోతుంటే ఇక్కడికే పట్టుకురా, మామ షెడ్డులో కూర్చుని చూద్దాం. అమ్మకి నా నమస్కారాలు చెప్పు, చెల్లెలి రిజల్ట్స్ వచ్చాయా?

నీ
శీనుగాడు